ఎడమవైపు నమలని పిల్ల

పాయా లేబర్‌లో మా ఆఫీసు ఉన్న భవనంలోనే మూడో అంతస్తులో పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. సాయంత్రం దిగేటప్పుడు లిఫ్టు అక్కడ ఆగితే చాలు, లవంగనూనెలాంటి ఘాటైన వాసన లోపలికి వస్తుంది. రోజంతా కాల్స్‌తో వేడెక్కిన తలను లిఫ్టు గోడకు ఆనించి నిలబడతాను. సరోజా ఆంటీ గుర్తొస్తారు.

యీషున్‌లో మేము అద్దెకున్న ఫ్లాటుకు ఎదురు ఫ్లాటు ఆవిడది. తాతల కాలంలోనే మన దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. మాటల్లో తమిళం కలిసిపోయేది. బడిపిల్లల పళ్ళు చూసే డెంటల్ నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యారు. అన్నేళ్ళూ వంగి పనిచేయడం వల్లనేమో, మెడ కొద్దిగా ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఎవరు ఎదురైనా ముందు నోటివైపే చూసేవారు. ఆవిడతో మాట్లాడేటప్పుడు నేను తెలియకుండానే పెదవులు బిగించుకునేదాన్ని.

మా అమ్మాయి హాసిని అప్పుడు ప్రైమరీ మూడో తరగతి. ఆ ఏడాది చదువు ఉన్నట్టుండి జారిపోయింది. స్పెల్లింగులో పదికి మూడు, నాలుగు. క్లాసులో తల బల్ల మీద పెట్టేస్తోందనీ, పిలిచినా పలకడం లేదనీ టీచరు మెసేజ్ పెట్టింది. ఇంటికి చేరేసరికి నాలో ఓపిక అనేది మిగిలేది కాదు. ట్యూషన్‌లో చేర్చాను. టాబ్లెట్ దాచేశాను. "నీకు శ్రద్ధ లేదు, అంతే" అని రోజూ అన్నాను. పిల్ల ఎదురు చెప్పేది కాదు. సగం అన్నం వదిలేసి పుస్తకం ముందు కూర్చునేది.

ఒక ఆదివారం పొద్దున ఆంటీ మురుకులు తెచ్చారు. హాసిని చిన్న ముక్క నోట్లో వేసుకుని, నానబెట్టి, కుడివైపుకు నెట్టి మెల్లగా నమిలింది.

"ఏమ్మా కన్నా, ఎడం పక్క ఎందుకు వద్దంటావు?" అన్నారు ఆంటీ.

"నథింగ్ లా, ఆంటీ" అంది ఇక్కడి పిల్లల యాసలో.

"ఏదీ, ఆ అను."

ఫోను టార్చి వేసి చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, "బిడ్డ రాత్రి నిద్రపోతోందా మాధవీ?" అన్నారు.

నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

"పాలపళ్ళే కదా ఆంటీ, ఊడిపోయేవేగా" అన్నాను.

"ఊడేదాకా నొప్పి ఆగుతుందా? లోపల చీము పట్టింది. ఈ నొప్పితో నువ్వూ నేనూ ఒక ఈమెయిల్ రాయలేం. బిడ్డ స్పెల్లింగు ఎట్లా రాస్తుంది? స్కూల్లో పళ్ళు చూడలేదా? చూడమంటారా వద్దా అని ఫారం వచ్చుంటుందే."

వచ్చింది. డిసెంబరు సెలవుల్లో రాజమండ్రిలో చూపిద్దాంలే అని 'వద్దు' గడిలో టిక్కు పెట్టింది నేనే. ఆ డిసెంబరులో మేము అసలు ఊరు వెళ్ళనేలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆంగ్ మో కియోలో ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాను. ఆంటీ కూడా వచ్చారు. మా వంతు కోసం కూర్చున్నప్పుడు, నాకెందుకు చెప్పలేదని హాసినిని అడిగాను.

"చెప్పాను కదమ్మా. యు వర్ ఆన్ కాల్. ఫస్ట్ హోంవర్క్ ఫినిష్ చెయ్యమన్నావ్."

పిల్లను లోపలికి తీసుకెళ్ళి రెండు పళ్ళు తీసేశారు. బయట నేను తలెత్తలేకపోయాను. ఆంటీ ఎదురుగా ఉన్న గోడను చూస్తూ అన్నారు: "వేలమంది పిల్లల నోళ్ళు చూశాను. నా కొడుకు మాట వినడం లేదని కొట్టాను. వాడి చెవిలో చీము. వినపడక పలకలేదు వాడు. ఆ ఏడు ఫెయిలయ్యాడు."

నన్ను ఓదార్చడానికి అన్న మాటలు కావవి. మోసి మోసి అలసిన మనిషి మూట దించినట్టు అన్నారు.

ఆ వారం నుంచి హాసిని కంచం ఖాళీ చేసింది. తెల్లారేదాకా నిద్రపోయింది. మార్కులు మాత్రం ఒక్కసారిగా రాలేదు. నొప్పిలో కొట్టుకుపోయిన పాఠాలు పూడ్చుకోవడానికి ఏడాది పైనే పట్టింది. స్పెల్లింగులో మొదటిసారి ఎనిమిది వచ్చిన రోజు కాగితం పట్టుకుని ఎదురింటికే ముందు పరిగెత్తింది.

రెండేళ్ళ కిందట ఆంటీ పోయారు. కొడుకును పలకరించడానికి వెళ్ళాను. నేను మాట్లాడుతుంటే ఆయన తల తిప్పి కుడిచెవి నావైపు పెట్టారు. నేను లేచి ఆయనకు కుడివైపున్న కుర్చీలోకి మారాను.

హాసిని ఇప్పుడు సెకండరీకి వచ్చింది. మొన్న లెక్కల పేపరు తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టింది. నేను కాల్‌లో ఉన్నాను. తిప్పి చూస్తే సగం మార్కులు కూడా లేవు. 'శ్రద్ధ లేదు' అన్న పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాల్ ఆపి, ల్యాప్‌టాప్ మూసేశాను.

"ఒంట్లో బాగుందా? ఎక్కడైనా నొప్పా?"

"నో లా అమ్మా. అర్థం కాలేదు, అంతే."

కాస్త జరిగి పక్కన చోటిచ్చాను.