టైగర్ అన్నం గిన్నె

రాజమండ్రిలో మేముండే మూడో అంతస్తుకి సరిగ్గా ఎదురుగా పక్క వాటావాళ్ళ వంటింటి కిటికీ ఉంటుంది. ఇవాళ పొద్దున్నే వాళ్ళు ఎండు నెత్తళ్ళు వేయించారు. ఆ వాసన తగలగానే చేస్తున్న పని వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. సెలవులకి వచ్చిన మా అమ్మాయి "ఏంటమ్మా, కిటికీ వేసేయనా?" అంది. వద్దన్నాను. దానికి ఆ వాసన పడదు, నేను నెత్తళ్ళు తినడం మానేసి పాతికేళ్ళు దాటింది, అయినా వేయనివ్వలేదు. ఆ వాసన వెంట రూతమ్మగారు వస్తారు, తెల్లచీర కొంగున కాగితంలో చుట్టిన నాలుగు చేపలతో. ఆవిడని మీరెవరూ చూసి ఉండరు. చూసినవాళ్ళకి కూడా ఆవిడ విషయంలో నేను చేసిన పని తెలియదు.

పాలకొల్లు దగ్గర మా అత్తవారి ఊళ్ళో, మా పెరటి గోడకి అవతలే ఆవిడ ఇల్లు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బోర్డింగులో మేట్రన్‌గా చేసి, రిటైరయ్యాక ఒంటరిగా అక్కడ ఉండేవారు. నేను తొంభైల మొదట్లో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. మామగారు వీధి అరుగు మీద దగ్గితే పెరట్లో నా చేతిలో గిన్నె జారిపోయేది. తిట్టేవారా అంటే, ఒక్కనాడూ తిట్టలేదు. ఎందుకంత భయమో ఇప్పుడు చెప్పమంటే నాకే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం భయమే. అలాంటి రోజుల్లో రూతమ్మగారు గోడ మీంచి "డిగ్రీ మధ్యలో ఆపేశావటగా, ప్రైవేటుగా కట్టు, నేను చెప్తాను ఇంగ్లీషు" అన్నారు. ఇవాళ నేను టీచర్ని అంటే ఆ ఒక్క మాట వల్లే.

మా పాపకి పది నెలలప్పుడు మామగారు రైస్‌మిల్లు నుంచి ఒక నల్ల కుక్కపిల్లని తెచ్చారు. టైగర్ అని పేరు పెట్టారు. అక్కడ ఏడు పిల్లలకీ కలిపి ఒకటే పళ్ళెం అట. వచ్చిన రోజునే తెలిసింది దాని సంగతి. సత్తు గిన్నెలో అన్నం పెడితే ఒళ్ళంతా బిగబట్టుకుని, ఊపిరాడకుండా మింగేది. ఎవరైనా దగ్గరికి వెళితే తల ఎత్తేది కాదు, కంటి తెల్లగుడ్డు మాత్రం మనవైపు తిప్పి లోలోపల గుర్రుమనేది. గిన్నె లేనప్పుడు అంత మంచిది ఇంకోటి లేదు. ఆ ఇంట్లో నేను పిలవకుండా నా దగ్గరికి వచ్చి కూర్చున్న ప్రాణి అదొక్కటే. కానీ పాప అప్పుడే పాకడం మొదలెట్టింది, దాని కన్నెప్పుడూ ఆ మెరిసే గిన్నె మీదే. మా ఆయన ఒకరోజు గట్టిగా చెప్పేశారు. "నెలా నెలన్నర చూస్తాను. మారకపోతే ఎవరికైనా ఇచ్చేద్దాం."

నేను వెళ్ళి రూతమ్మగారి దగ్గర ఏడ్చాను. ఆవిడ గోడ పక్కన నిలబడి టైగర్ తినడం చివరిదాకా చూశారు.

"దీనికి పొగరు కాదమ్మా, భయం" అన్నారు. "మా బోర్డింగుకి వచ్చే పిల్లలు కొందరు కంచం చుట్టూ చెయ్యి వేసుకుని తినేవారు. పక్కపిల్ల చూస్తే చాలు, ముద్ద మీద ముద్ద కుక్కేసుకునేవారు. వాళ్ళని తిడితే ఇంకా గట్టిగా పట్టుకుంటారు. నేను వెళ్ళి ఇంకో గరిటె వేసి వచ్చేసేదాన్ని. నెలరోజులు. ఆ తర్వాత చెయ్యి వాళ్ళే తీసేసేవారు."

"కుక్కకి కూడా అంతేనాండి?"

"ఆకలి ఎవరిదైనా ఒకటే కదా. మనిషి చెయ్యి దగ్గరికొస్తే ఇంకొంచెం వస్తుందని దానికి తెలియాలి. పోతుందని అనిపించకూడదు. గిన్నె మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు."

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చేవారు. మొదటివారం ఆరడుగుల దూరంలో నిలబడి ఒక నెత్తడి ముక్క గిన్నె దగ్గరికి విసిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారు. రెండోవారం నాలుగడుగులు. మూడోవారం నడుస్తూ నడుస్తూ గిన్నెలోనే వేసేవారు. ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే టైగర్ తోక ఆడించడం నేను కళ్ళారా చూశాను. నా చేతా వేయించారు. నేను వెనక్కి జరుగుతుంటే "నువ్వు భయపడితే అదీ భయపడుతుంది" అని నవ్వారు.

పొద్దుటిపూట సంగతి ఇదీ. సాయంత్రం వేరే కథ నడిచేది. వీధి అరుగు మీద నలుగురూ చేరేవారు. మామగారు టైగర్‌కి పప్పూ నెయ్యీ కలిపి స్వయంగా పెట్టి, అది సగం తిన్నాక చేతికర్రతో గిన్నె లాగేవారు. అది పళ్ళు బయటపెట్టి కర్ర మీదకి దూకేది. "చూశారా పౌరుషం? ఇంత లేదు, అప్పుడే ఎవరికీ లొంగదు" అని మురిసిపోయేవారు. వచ్చినవాళ్ళూ ఆహా అనేవారు. ఆయనకి దాని మీద ప్రేమ లేక కాదు. మగపిల్లాడిని చూసుకున్నట్టు చూసుకునేవారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా చూసి, లోపలికి వచ్చేసేదాన్ని.

నాలుగోవారంలో టైగర్ మళ్ళీ గుర్రుమనడం మొదలెట్టింది. ఒకరోజు తోక ఆడించేది, ఒకరోజు బిగుసుకుపోయేది. రూతమ్మగారికి అంతుపట్టలేదు. బావి గట్టు మీద కూర్చుని నన్ను సూటిగా అడిగారు.

"ఇంట్లో ఎవరైనా దీని గిన్నె లాగుతున్నారా?"

అవునని అంటే ఆవిడ తిన్నగా అరుగు దగ్గరికి వెళ్ళి మామగారితోనే మాట్లాడేవారు. ఆవిడకి మొహమాటం లేదు. తర్వాత, కోడలు ఇంటి సంగతులు గోడ దాటిస్తోందని నా మీదకి వచ్చేది. నేను లెక్క చూసుకున్నది ఇంతే. కుక్క గురించి గానీ, ఆవిడ చేతి గురించి గానీ ఆలోచించలేదు.

"లేదండి" అన్నాను.

ఆవిడ నమ్మారు. నన్ను నమ్మకపోవడానికి అప్పటికి ఆవిడకి కారణం లేదు.

ఐదోవారంలో ఒక పొద్దున, "ఇవాళ చెయ్యి పెట్టి చూద్దాం" అన్నారు. టైగర్ తింటోంది. ఆవిడ పక్కన కూర్చుని, వేళ్ళ మధ్య నెత్తడి పట్టుకుని, నెమ్మదిగా గిన్నెలోకి చెయ్యి దించారు. అది చేపని చూడలేదు. చెయ్యినే చూసింది. చూపుడువేలిలో పన్ను ఎముక దాకా దిగిపోయింది. ఆవిడ అరవలేదు, చెయ్యి లాక్కోలేదు. "వదులు నాన్నా, వదులు" అంటూనే ఉన్నారు. నేను అరిచిన అరుపుకి ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చారు.

పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు. రోజూ బస్సులో నేనే తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి, ఒక్కరోజు కూడా అబ్బా అనలేదు. ఆ వేలు మాత్రం మళ్ళీ వంగలేదు. "పసిపిల్ల తిరిగే ఇల్లు, ఇంక దీన్ని ఉంచకూడదు" అన్నది మామగారే. "అసలు తినే గిన్నెలో ఆవిడెందుకు చెయ్యి పెట్టాలి?" అని కూడా అన్నారు. అప్పుడూ నా నోరు పెగల్లేదు. మూడోరోజున మా బంధువుల రొయ్యల చెరువు మీద కాపలాకని టైగర్‌ని పంపేశారు. వ్యాను ఎక్కించేటప్పుడు అది నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. నేను విడిపించుకున్నాను.

ఇంజెక్షన్లు అయిపోయాక రూతమ్మగారు "ఒకసారి చూసొద్దాం పద" అన్నారు. సముద్రం దగ్గర చెరువు గట్టు మీద మూరెడు గొలుసుతో గుంజకి కట్టేసి ఉంది. అన్నం దూరం నుంచి పారతో తోస్తున్నారు. మమ్మల్ని చూసి ముందు తోక ఆడించింది, అంతలోనే ఖాళీ గిన్నెకి అడ్డంగా నిలబడి గుర్రుమంది. ఆవిడ ఆరడుగుల దూరంలో మట్టిలో కూర్చుని, కాగితం విప్పి, ఎడంచేత్తో ఒక ముక్క విసిరారు. మళ్ళీ మొదటినుంచి. కాపలా అతను వచ్చి "మచ్చిక చేయకండమ్మా దీన్ని, మాకు ఇలాగే కావాలి" అన్నాడు. ఆవిడ కాగితం మడిచి లేచారు.

తిరిగొచ్చే బస్సులో ఆవిడే అడిగారు. "గిన్నె ఎవరు లాగేవారమ్మా?"

"మామగారండి."

"ఆ రోజే చెప్పుంటే ఇంకో నెల ఆగేదాన్ని కదమ్మా."

అంతే. కోపగించుకుని ఉంటే బతికిపోయేదాన్ని. మర్నాడు యథాప్రకారం ఇంగ్లీషు పాఠం చెప్పారు, కట్టు కట్టిన చేత్తోనే పేజీలు తిప్పుతూ. నేను ఉద్యోగంలో చేరాక బడిలో మధ్యాహ్న భోజనం పూట కంచం చుట్టూ చెయ్యేసుకునే పిల్లలు నాకూ కనిపించారు. వెళ్ళి ఇంకో గరిటె వేసి వచ్చేస్తాను. కొన్నాళ్ళకి చెయ్యి తీసేస్తారు. ఆవిడ పద్ధతి తప్పడం లేదు. అది ఫలించిన ఏ ఒక్కసారీ నాకు సంతోషం కలగదు.

టైగర్ వెళ్ళిన మరుసటేడు పెద్ద గాలివాన వచ్చింది. చెరువు గట్లు తెగిపోయాయి. వారం పోయాక ఆ చెరువుల బంధువు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. నీళ్ళు ఎక్కుతుంటే కాపలావాళ్ళు గొలుసు విప్పుదామని వెళ్ళారట, చెయ్యి చాపితే కరవబోయిందట, రెండుసార్లు చూసి వదిలేసి వాళ్ళ ప్రాణాలు దక్కించుకున్నారట. "చివరిదాకా పౌరుషం తగ్గలేదు బాబాయ్" అన్నాడు. మామగారు కాఫీ సగంలో వదిలేసి లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం గోడ దగ్గర రూతమ్మగారు అడిగారు. "టైగర్ సంగతేమైనా తెలిసిందా?"

"గొలుసు విప్పేశారటండి. ఎటో వెళ్ళిపోయిందట."

"ఎవరు విప్పారట?"

"కాపలా అతనండి."

ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూశారు. "సరేలేమ్మా" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు, టైగర్ పేరు మళ్ళీ ఎత్తలేదు. నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటిసారి అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ మాట నమ్మేవారు అనుకుంటాను. అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ మాట చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదని ఆ వెంటనే గుర్తొస్తుంది.