ఫిలింనగర్‌లో నేను కూల్చిన చెట్టు

ఒకే ఒక్క చెట్టును కూల్చి, ఒక సినిమా షూటింగును గంటసేపు ఆపించి, మా బాబాయి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పరువును ఒక్క పూటలో ఊడ్చి పారేసిన ఘనత నాది. ఎలా జరిగిందో చెబుతాను. ఇంత తెలివితక్కువతనం ఒక మనిషికి సాధ్యమా అని మధ్యలో ఆపి అడగకండి. సాధ్యమే. దానికి పట్టుదల తోడైతే చాలు.

నగరంలో ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ కంపెనీల బోర్డులు లేస్తున్న రోజులవి. నాతో చదివినవాళ్లంతా అమీర్‌పేటలో కోర్సులు చేసి మెడలో ఐడీ కార్డులు వేసుకున్నారు. నేనూ చేరాను గానీ, కంప్యూటరూ నేనూ ఒకరినొకరం అర్థం చేసుకోలేమని మూడో వారానికే తేలిపోయింది. నా దగ్గర మిగిలింది బీఎస్సీ బోటనీ. మోతీనగర్‌లో ఉండే బాబాయి చెట్లు తొలగించే కాంట్రాక్టులు చేసేవాడు. ఇళ్లన్నీ ఆఫీసులవుతున్న కాలం కాబట్టి చేతినిండా పనే. చెట్ల చదువు చదివావు కదా, సూపర్‌వైజరుగా రా అన్నాడు. చెట్టు పేరు లాటిన్‌లో చెప్పగలిగినవాడికి చెట్టు కొట్టించడం ఒక లెక్కా అనుకుని వెళ్లాను.

మా ముఠాలో అసలు పనిమంతుడు యాదయ్య. నల్గొండ వైపు కల్లుగీత కుటుంబం. నడుముకు మోకు తగిలించుకుని చిటారు కొమ్మ దాకా వెళ్లి, పైనుంచి ఒక్కో కొమ్మనూ తాడుకు కట్టి, కింద పూలకుండీ కూడా కదలకుండా దించేవాడు. నేను ఏం చెప్పినా "అట్లనే సార్" అని, తనకు తోచినట్టు చేసుకుపోయేవాడు. పది రోజులు ఓర్చుకున్నాను. ఒక్క చెట్టయినా నా మాట మీద, నా లెక్క ప్రకారం పడి తీరాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

ఆ అవకాశం ఫిలింనగర్‌లో ఒక బంగళా రూపంలో వచ్చింది. ఆవరణలో ఎండిపోయిన చెట్టుంది, తీసేయండి, మేము ఊళ్లో ఉండం, వాచ్‌మన్ గేటు తీస్తాడు అని యజమాని ఫోన్లో చెప్పాడట. బాబాయి ఇంకో పని మీద ఉండి నన్ను పంపాడు. వాచ్‌మన్ గేటు తీసి టిఫిన్‌కు వెళ్లిపోయాడు. లోపలికి అడుగుపెట్టగానే పచ్చిక మధ్యలో డాబా ఎత్తున నిలబడి ఉంది చెట్టు. ఒక్క ఆకు లేదు. "ఇదే" అన్నాను. ఇంటి చుట్టూ ఒక్కసారి తిరిగి చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

యాదయ్య వెళ్లి గొడ్డలి వెనకభాగంతో మానును తట్టాడు. డొల్ల చప్పుడొచ్చింది. "సార్, గీ చప్పుడేందో మంచిగ లేదు" అన్నాడు. లోపలంతా పుచ్చిపోయిందని, చదివినవాడికి అది చప్పుడుతోనే తెలుస్తుందని వివరించాను. ఎక్కబోయి, రెండడుగులు వేసి దిగిపోయాడు. చెట్టు మొత్తం ఊగుతోందట. వేళ్లు కుళ్లిపోయాయన్నాను.

"దీని మీద ఒక్క చీమ గూడ లేదు సార్."

రోగం ముదిరిన చెట్టును చీమలు కూడా వదిలేస్తాయన్నాను. ఈ సిద్ధాంతం ఏ పుస్తకంలోనూ ఉండదు. అప్పటికప్పుడు నేనే కనిపెట్టాను.

ఎక్కలేని చెట్టును మొదలు దగ్గరే కోసి పడగొట్టాలి. అందుకో పద్ధతుంది. పైన తాడు కట్టి, పడాల్సిన వైపు మానులో మూడోవంతు లోతుకు ముక్క తీసి, తర్వాత వెనకవైపు కాస్త పైనుంచి కోస్తూ రావాలి. మధ్యలో కొంచెం చెక్క మిగిలిస్తే, తలుపుకు బందులాగా అదే చెట్టును మనం చెప్పిన వైపు వంచుతుంది. నిచ్చెన వేయించి తాడు కట్టించాను. మోటారు రంపం మాత్రం నేనే పట్టుకున్నాను.

రంపం తగలగానే చెక్కపొట్టుకు బదులు తెల్లటి పిండి ఎగిరింది. నిమిషంలో పిండిమరలోంచి బయటికొచ్చినవాడిలా అయ్యాను. యాదయ్య నోరు తెరిచేలోపే "బూజు" అని తేల్చేశాను. ఇంకో అంగుళం దిగాక నిప్పురవ్వలు లేచాయి. "చెట్టులకెల్లి నిప్పు లేస్తుంది సార్, జర ఆపుండ్రి" అన్నాడు. బోర్డులు తగిలించడానికి ఎవరో మేకులు కొట్టి ఉంటారన్నాను. ఇనుము కోసే చేతిరంపం తెప్పించి, ఆ మేకులను అరగంట సేపు కోశాను. పిండి చెమటలో తడిసి మొహం మీద గట్టిపడింది. మానులో ఈ చివర నుంచి ఆ చివరకు పట్టే మేకు ఏ మానవుడు కొడతాడని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. చూశారా పట్టుదలంటే.

చివరికి నలుగురం తాడు పట్టుకున్నాం. టన్ను బరువుంటుంది, ప్రాణం పెట్టి లాగండి అని హెచ్చరించాను. అందరూ ప్రాణం పెట్టి లాగారు. చెట్టు దిండులా ఎగిరొచ్చింది. నలుగురం వెల్లకిలా పడ్డాం, మా మీద అది పడింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కొమ్మల కింద నుంచి యాదయ్య మెల్లగా అన్నాడు: "సార్, దీనికి బరువే లేదు."

విరిగిన మానులోంచి గోనెపట్టా, ఇనప జాలీ, గొట్టాలు బయటికొచ్చాయి.

అప్పుడే గేటు ముందు వ్యాను ఆగింది. దిగినాయన ఆర్ట్ డైరెక్టరు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వచ్చి పచ్చిక మీద కూలబడ్డాడు. "ఇరవై రోజులు చేశామండీ దీన్ని" అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి హీరోయిన్ ఈ చెట్టు కింద నిలబడి ఏడవాలట. ఆమె సంగతేమో గానీ, నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. ఇరవై రోజుల పనిని నేను మేకులనుకుని కోశాను.

కళ్లు తుడుచుకుని ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే, వంటగది గోడ మీదికి ఒరిగి అసలు ఎండు చెట్టు నిలబడి ఉంది. రెండింటికల్లా దీన్ని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాలి, అంతే. పది రోజుల్లో మొదటిసారిగా యాదయ్యను ఎలా చేద్దామని అడిగాను.

"తెస్త సార్. ఫికర్ చెయ్యకుండ్రి. మీరు మాత్రం రంపం ముట్టకుండ్రి."

ముట్టలేదు. బరువులు మోశాను. యాదయ్య పైకెక్కి, రెండు తాళ్లు కట్టి, కొసలను పిట్టగోడ స్తంభానికి చుట్టించి, దిగొచ్చి మొదలు తనే కోసి, మానును విరగకుండా పసిపిల్లను పడుకోబెట్టినట్టు నేల మీద పడుకోబెట్టాడు. షూటింగు వాళ్లూ భుజం పట్టారు. నేలలో మిగిలిన పాత గొట్టాల మొదళ్ల మధ్యే దాన్ని దింపి, తీగలతో బిగించి నిలబెట్టేసరికి రెండింటికి పది నిమిషాలు తక్కువ. అచ్చమైన చెట్టు, అచ్చమైన బెరడు. నా ఛాతీ మళ్లీ పొంగింది.

డైరెక్టరు వచ్చి మానిటర్‌లో చాలాసేపు చూశాడు. తర్వాత ఆర్ట్ డైరెక్టరు వైపు తిరిగాడు.

"ఏంటండీ ఇది, చూడగానే సెట్టు చెట్టని తెలిసిపోతోంది. కాస్త సహజంగా చేయలేరా?"

ఆర్ట్ డైరెక్టరు ప్లాస్టరు తెప్పించి, ఆ నిజం బెరడు మీద గంటసేపు అబద్ధం బెరడు పూశాడు. ప్లాస్టరు కలిపిచ్చింది నేనే. డైరెక్టరు మళ్లీ చూసి, ఇప్పుడు ప్రాణమొచ్చింది అన్నాడు.

ఆ ప్లాస్టరు చేతులతోనే, సూర్యుడి సాక్షిగా, యాదయ్య సమక్షంలో ప్రమాణం చేశాను: ఇకపై ఏ చెట్టునైనా గోటితో గీకి, లోపల చెక్క కళ్లారా చూశాకే దాని జోలికి వెళతాను. బాబాయికి పని ఇచ్చేవాళ్లు ఇప్పటికీ 'మీవాళ్లు అసలు చెట్టునే కొడతారు కదా?' అని అడుగుతుంటారు గానీ, నా ప్రమాణం మాత్రం ఇంతవరకూ తప్పలేదు. పెళ్లయిన కొత్తలో అత్తవారింట్లో అందరూ చూస్తుండగా తులసి మొక్కను కూడా గీకే చూశాను.