సాలమన్ సాక్ష్యం

అమీర్‌పేటలో ప్రతి మేడకూ ఒక కంప్యూటర్ కోచింగ్ బోర్డు వేలాడుతున్న రోజులవి. కరెంటు పోతే ఆ కంప్యూటర్లకు సాలమనే దిక్కు. ఇన్‌స్టిట్యూట్లన్నీ తిరిగి యూపీఎస్ బ్యాటరీల్లో నీళ్లు పోయడం, తుప్పు గీకడం అతని పని. అతని చేతిపని మీద అందరికీ నమ్మకమే. మధ్యాహ్నం దాటితే మనిషి మీద మాత్రం ఉండేది కాదు.

ఆ సాయంత్రం పంజాగుట్ట సందులో, ఒక చిన్న ప్రైవేటు బడి గేటు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన భార్య లీలాకుమారి, ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఇక్కడి పైగదిలో రోజూ కూడుతారని ఆమెకు తోటి నర్సు చెప్పింది.

"పో. నేను గీడనే ఉంట," అన్నది.

"నువ్వు ఇంటికి పోరాదు? నేనొస్త గదా."

"నువ్వు ఇంటికి రావాల్నా వద్దా అన్నది తేలాలె ముందు. పొద్దున చెప్పిందే మళ్ల చెప్తున్న. ఇయ్యాల ఒక్క చుక్క ముట్టినవని తెలిసినా ఇంటికి రావద్దు. నీ అడుగుల చప్పుడు వింటే నేతన్‌గాడు మంచం కిందికి దూరుతుండు. నా కొడుకును నేను గట్ల చూడలేను."

"ముట్టలేదంటి గదనే."

ముట్టాడు. మధ్యాహ్నం ఎర్రగడ్డలో పని ముగించుకుని, బ్రాందీ దుకాణం వెనక నిలబడి గ్లాసు ఎత్తాడు. తర్వాత సోంపు నమిలాడు, యాలకులు నమిలాడు, నోరు పుక్కిలించాడు. నర్సుగా ఆమెకు ఎన్ని నోళ్ల వాసన తెలుసో అతనికీ తెలుసు. అందుకే దారి పొడుగునా ఆమెకు ఎడంగా నడిచాడు.

గేటు దాటగానే, అతన్ని ఎరిగిన వాచ్‌మన్ ఐలయ్య పలకరించాడు.

"ఏం సాలమనన్నా, ఇటొచ్చినవ్?"

"బ్యాటరీ చూద్దామని."

"గీ బడిల కంప్యూటరే లేదాయె, బ్యాటరీ యాడికెల్లి వచ్చె?" అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు ఐలయ్య. "పైన మూలగది. పో, ఏం గాదు."

సాలమన్ చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగాడు. గేటు అవతల లీలాకుమారి అతన్నే చూస్తోంది. మెట్లెక్కాడు.

అది మూడో తరగతి గది. పసిపిల్లల బెంచీల్లో పెద్ద మగవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పరదా బట్టలమ్మే ముషర్రఫ్ జరిగి చోటిచ్చాడు. చక్రపాణి అనే గుమాస్తా మాట్లాడుతున్నాడు. నిన్న బ్రాందీ దుకాణం గడప దాకా వెళ్లాడట, ఎందుకో తిరిగొచ్చాడట, ఇవాళ ఏం చేస్తాడో తెలియదట. అంతే, కూర్చున్నాడు. "థాంక్స్ చక్రపాణి," అన్నారు అందరూ. సాలమన్‌కు వింతగా తోచింది. ఆ మాటకు ముగింపే లేదు.

ముగింపు లేని సాక్ష్యం అతను ఎరగడు. వాళ్ల చర్చి సంఘంలో ఏటా ఉపవాస కూడికల్లో సాక్ష్యాలు చెబుతారు. మొదట పాపం, తర్వాత కన్నీళ్లు, చివరికి విడుదల. విడుదల పొందకుండా మైకు వదిలినవాణ్ణి అతను చూడలేదు. తనూ అలాగే చెప్పేవాడు, వారం తిరక్కుండా తాగేవాడు, మరుసటి ఏడు మళ్లీ విడుదల పొందేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. లీలాకుమారి మాత్రం తల వంచుకుని కూర్చునేది.

అతని వంతు వచ్చింది. లేవగానే నోరు అలవాటైన దారి పట్టింది.

"...గసొంటి ఊబిలకెల్లి దేవుడు నన్ను లేవనెత్తిండు. ఇప్పుడు నాకా వాసనే పడదు. దేవునికి స్తోత్రం!"

హల్లెలూయ కోసం ఆగాడు.

"మస్తు చెప్పినవ్ భాయ్. జర కూసో," అన్నాడు ముషర్రఫ్. కూర్చున్నాక చెవి దగ్గరికి వంగాడు. "సోంపు నమిలితే పోయే వాసన గాదది. నేను సుత ఏండ్లకేండ్లు నమిలినోణ్ణే. ఈడ ఆఖర్ల అంతా మంచిగ కావాల్నని రూల్ లేదు. ఇయ్యాల ఏమైందో గదే చెప్పు. లేదా చాయ్ తాగు. ఫికర్ లేదు."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. లీలాకుమారి సంచీ ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటోంది. ఇక్కడన్నది ఇక్కడే ఉంటుంది. కింద ఆమెకు మాత్రం ముట్టలేదనే చెప్పుకోవచ్చు అనుకున్నాడు.

సాలమన్ మళ్లీ లేచాడు.

"మధ్యాహ్నం తాగిన," అన్నాడు. కూర్చున్నాడు.

"థాంక్స్ సాలమన్."

మీటింగు ముగిశాక మెట్లు దిగాడు. లీలాకుమారి ఎదురొచ్చింది.

"ఏమన్నరు?"

"చాయ్ ఇచ్చిండ్రు." ఆమెకు దగ్గరగా జరిగాడు. "లీలా, నేను మధ్యాహ్నం తాగిన. నీకు అబద్ధం చెప్పిన."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు.

"ఎవరు చెప్పమన్నరు?"

"నీకు చెప్పమని ఎవ్వలూ అనలే."

ఆమె సంచీ భుజానికి సర్దుకుంది. "నా మాట మాత్రం మారదు. ఇయ్యాల ఇంటికి రావద్దు," అంది. నాలుగడుగులు వేసి ఆగింది. "రేపు సుత ఉంటదా గిది?"

"రోజూ ఉంటదంట."

"రేపు నేను సుత వస్త. తాగినా తాగకపోయినా, ముందు నాకే చెప్పు."

బస్సెక్కి వెళ్లిపోయింది. సందు చివర బ్రాందీ షాపు దీపాలు వెలిగాయి. సాలమన్ అటు రెండడుగులు వేశాడు. నిలబడ్డాడు. గిరుక్కున తిరిగి, ఐలయ్య ముఖం చూడకుండా మెట్లెక్కాడు.

తర్వాత జరగబోయే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు కోసం ముషర్రఫ్ బెంచీలను బోర్డు వైపు తిప్పుతున్నాడు.

"ఇంకా పోలేదా?"

"చెప్పేసిన. ఇంటికి రావద్దన్నది."

ముషర్రఫ్ భుజం తట్టలేదు, మెచ్చుకోలేదు. "నా దుకాణంల పరదాల మూటలున్నయ్, వాటి మీద పండుకో. జర దుమ్ముంటది. ముందు గీ బెంచి గా కొస పట్టు భాయ్, ఒక్కణ్ణి లేపలేకపోతున్న."

సాలమన్ వంగి రెండో కొస పట్టుకున్నాడు.