మల్లేశానికి చెప్పని తేదీ

రిటైరవడానికి రెండేళ్ళ ముందు నన్ను సూరత్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో సీనియర్ టెక్నాలజిస్టుగా వేశారు. అయోడిన్ గది నా బాధ్యత. క్యాన్సర్ వల్ల థైరాయిడ్ గ్రంథిని తీసేశాక, మిగిలిపోయిన కణాలను చంపడానికి కొందరికి రేడియోధార్మిక అయోడిన్ మింగిస్తాం. ఆ తర్వాత కొన్నాళ్ళు రోగి ఒంట్లోంచే కిరణాలు వస్తుంటాయి. అందుకని సీసపు తలుపున్న గదిలో ఒంటరిగా ఉంచి, భోజనం గడప దగ్గర పెట్టి, రోజూ మీటరుతో కొలిచి, అంకె పరిమితిలోకి వచ్చాకే ఇంటికి పంపుతాం.

విభాగంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ పోయాక వచ్చిన బదిలీ అది. డ్యూటీ దిగితే పలకరించే దిక్కు ఉండేది కాదు. అందుకే మల్లేశం రోగిగా చేరినప్పుడు ప్రాణం లేచొచ్చింది. జగిత్యాల వైపు మనిషి, మరమగ్గాల కార్ఖానాలో పని. భార్య, మూడేళ్ళ కూతురితో సూరత్‌లోనే వడోద్‌ అనే పేటలో ఒంటిగది కాపురం. అయోడిన్ గదిలో ఉన్న మూడు రోజులూ తలుపు ఇవతలి ఫోనులో అతనితో కబుర్లాడుతూనే ఉన్నాను.

డిశ్చార్జి రోజు సూచనల కాగితం చదివి వినిపించడం సిస్టర్ హంసాబెన్ పని. మావాడే, నేను చెప్తానంటూ ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. విడిగా పడుకోవాలని, పాపను దగ్గరికి తీయకూడదని, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్ళు పోయాలని తీరిగ్గా చెప్పాను. ఎప్పటిదాకా అన్నది ఆమె కాగితం అడుగున గుజరాతీలో రాసింది. మల్లేశానికి అది చదవడం రాదు. నేను చెప్పడం మరిచిపోయాను.

ఆరు వారాలకు రక్తపరీక్షకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. రిపోర్టు బాగుందన్నా మొహం విప్పలేదు. ఇంట్లో ఎలా ఉన్నారని అడిగాను.

"ఇంట్ల యాడున్న సార్? సేఠ్ గోదాంల పంటున్న. బిడ్డ నాయినా అనుకుంట ఉరికొస్తే, దూరముండుమని గదమాయించిన. ఇప్పుడు నన్ను జూస్తేనే తల్లెనక దాక్కుంటది."

ఇన్నాళ్ళా అన్నాను.

"మల్ల పరీక్షకు రమ్మన్నరు గద సార్. అప్పటిదాంక గిట్లనే ఉండాలనుకున్న."

కాగితం తెప్పించి చూశాను. గడువు రెండు వారాలే. అదే చెప్పి, తప్పు నాదన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "మల్ల నా దగ్గరికొస్తదా సార్?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. రోగి ఏ భాషవాడైనా కాగితం సిస్టరే చదువుతుంది, అవసరమైతే నేను పక్కన నిలబడి తెలుగులో చెప్తాను. మొదట చివరి తేదీ, తర్వాతే మిగతావి. ఆ తేదీని రోగి నోట తిరిగి చెప్పించుకోనిదే ఎవరినీ పంపలేదు. మాట్లాడే మనిషి దొరికాడన్న సంబరంలో, ఒక మనిషిని నెల రోజులు అనవసరంగా ఇంటికి దూరం చేశాను.