కళ్లజోళ్లాయన చూడని ఫైనలు

దేశమంతటా జాతీయ ఫుట్‌బాల్ జట్టు గెలుపోటములు పదకొండు మంది కుర్రాళ్ల కాళ్ల మీద ఆధారపడి ఉంటే, ఆ వీధిలో మాత్రం కళ్లజోళ్లాయన కళ్ల మీద ఆధారపడి ఉండేవి.

ఆయన తన దేశం ఆడగా చూసింది జన్మలో మూడే మూడుసార్లు. మూడుసార్లూ దేశం ఓడింది. మొదటిసారి పంతొమ్మిదేళ్ల వయసులో టికెట్టు కొనుక్కుని మరీ స్టేడియానికి వెళ్లాడు. అవతలివాళ్లు ఐదు గోల్స్ కొట్టారు. రెండోసారి కూతురు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో. అప్పటిదాకా ముందంజలో ఉన్న జట్టు, ఈయన వచ్చి టీవీ ఎదురుగా కూర్చోగానే పది నిమిషాల్లో చేతులెత్తేసింది. మూడోసారి ఆయన తప్పేమీ లేదు. ఎక్కిన బస్సు సిగ్నలు దగ్గర ఆగింది, పక్కనే టీవీల దుకాణం ఉంది, తెర మీద మనవాడు పెనాల్టీ కొట్టబోతున్నాడు. ఈయన తల తిప్పాడు, బంతి ఆకాశానికి పోయింది. ఆ బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చున్నది ఎదురింటి బేకరీ యజమాని. ఆ యజమాని విషయం కడుపులో దాచుకునే మనిషి కాదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు కళ్లజోళ్లాయన ఒక్క ఆటా చూడలేదు. ఆట మొదలవగానే తన కళ్లజోళ్ల షాపు వెనక గదిలోకి పోయి అద్దాల అంచులు అరగదీసే మిషను ఆన్ చేసుకునేవాడు. దాని గోలలో బయటి గోల వినబడదు. జట్టు గెలిచినప్పుడల్లా బేకరీ ఆయన వేడివేడి బన్నులు పట్టుకొచ్చి, ‘అన్నయ్యా, నువ్వు లోపల ఎంత బాగా కూర్చున్నావో’ అని మెచ్చుకునేవాడు. ఇదంతా పిచ్చి నమ్మకమని ఈయన కొట్టిపారేసేవాడు. కొట్టిపారేస్తూనే బన్ను తీసుకునేవాడు.

అసలు ఆ వీధిలో ఒకరంటే ఒకరికి పడి చచ్చేది కాదు. మురుగు కాలువ గురించి ఒకరు, గోడ గురించి ఒకరు ఏళ్ల తరబడి మాటలు మానేసుకున్నవాళ్లే. ఆట రోజున మాత్రం అందరి నోటా ‘మనం’ అనే మాటే. మనం కొట్టాం, మనల్ని తోసేశారు, మనకి అన్యాయం జరిగింది. రిటైరైన లెక్కల మాస్టారు మోకాళ్ల నొప్పులతో మూడు మెట్లు ఎక్కలేడు, కానీ ‘మనం సరిగా పరిగెత్తడం లేదు’ అని మండిపడేవాడు. ఆ ‘మనం’లో కళ్లజోళ్లాయనకి దక్కినంత బరువైన పని ఇంకెవరికీ దక్కలేదు. అది ఆయనకీ తెలుసు.

అలాంటిది, దేశం మొట్టమొదటిసారి ఫైనలుకి చేరింది.

ఈయనకి యాభై ఎనిమిదేళ్లు. ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన మనిషి, ఒక్కసారి తన దేశం గెలవడం కళ్లారా చూడాలనుకున్నాడు. భార్యతో ఆ మాటే చెప్పి, ఈసారి బ్రహ్మదేవుడు అడ్డొచ్చినా చూస్తానన్నాడు. ఆవిడ మీ ఇష్టమంది. వీధిలోకెల్లా వెడల్పైన గోడ వీళ్ల షాపుదే కాబట్టి, చూపు పరీక్ష అక్షరాల పటం కింద వీధంతా వచ్చి చూసేలా పెద్ద టీవీ కూడా పెట్టించాడు.

ఫైనలు రోజు మధ్యాహ్నం బేకరీ ఆయనా, మాస్టారూ కలిసి వచ్చారు. మాస్టారు ఒక కాగితం మీద లెక్క కట్టుకొచ్చాడు. ఈయన చూసినవి మూడు, ఓడినవి మూడు, అంటే నూటికి నూరు. కళ్లజోళ్లాయనకి ఒళ్లు మండింది. పదకొండు మంది అక్కడెక్కడో ఆడుతుంటే ఇక్కడ తన కళ్లు వాళ్ల కాళ్లకి ఎలా అడ్డం పడతాయని నిలదీశాడు. బేకరీ ఆయన వాదించలేదు.

“నీ మాటే నిజం అన్నయ్యా. కానీ ఒకవేళ...” అని ఊరుకున్నాడు.

ఆ ‘ఒకవేళ’ ఈయన్ని చిత్తు చేసింది. నాలుగింటికి ఆట మొదలవుతుందనగా తనంతట తానే లేచి వెనక గదిలోకి వెళ్లాడు. భార్య తలుపు బయటే స్టూలు వేసుకుంది.

మొదటి సగమంతా అరగదీస్తూనే ఉన్నాడు. కాస్త తీయాల్సిన అద్దం ఉంగరంలో పొదిగే రాయంత అయింది. రెండో సగంలో ఇక ఉండబట్టలేక మిషను ఆపాడు. అవతల ముప్పై మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టడం వినిపించింది. లేచి వెళ్లి గడియ మీద చెయ్యి వేసి, తిప్పాడు. వేలెడు సందులోంచి వెలుగు కాలి మీద పడింది. ఇంకొంచెం తోస్తే తెర కనిపిస్తుంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని తలుపు లాగేసి, వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

చివరి నిమిషంలో అవతలివాళ్లు గోల్ కొట్టారు.

ఎవరూ పిలవకపోయేసరికి ఆయనే బయటికొచ్చాడు. బేకరీ ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు తన కాగితం నాలుగు మడతలు పెట్టి, మెల్లగా అన్నాడు.

“పాపం, మీ వల్ల కాదండీ. ఇన్నేళ్లూ మిమ్మల్ని అన్యాయంగా లోపల కూర్చోబెట్టాం. ఇకనుంచి మాతోపాటే చూడండి.”

అందరూ తలలూపారు. ఒకాయన కుర్చీ కూడా చూపించాడు. కళ్లజోళ్లాయన ఆ కుర్చీ వైపు చూశాడు. ఓటమి తన వల్ల కాదంటే, పన్నెండేళ్ల గెలుపులూ తనవి కావు. ఆ బన్నులన్నీ ఊరికే తిన్నట్టే. ఇక తనూ అందరిలాగే కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని చూసే మనిషి. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఎదురుగా ముప్పై మొహాలు, తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేక, వెలవెలబోతూ కనిపించాయి.

“చూశాను,” అన్నాడు. “తలుపు తీసి చూశాను. చివరి నిమిషంలో.”

బేకరీ ఆయన తువ్వాలు దించి, కళ్లజోళ్లాయన భార్య వైపు తిరిగాడు.

“నిజమేనా వదినా?”

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. “తలుపు చప్పుడైన మాట నిజమే,” అంది.

అంతే, షాపుకి ప్రాణం లేచొచ్చింది. కొంప ముంచావని బేకరీ ఆయన, దేశద్రోహమని ఇంకొకాయన. మాస్టారు మడతలు విప్పి మూడుని నాలుగు చేశాడు. మురుగు కాలువ తగాదా వాళ్లూ గోడ తగాదా వాళ్లూ భుజాలు పట్టుకుని మరీ ఆయన్ని తిట్టారు. వచ్చేసారి గదికి బయట రెండు తాళాలు వేయాలని, తలుపుకి అడ్డంగా బీరువా జరపాలని అక్కడికక్కడే తీర్మానమైంది. కళ్లజోళ్లాయన తల వంచుకుని, అలాగే అన్నాడు.

వాళ్లు వెళ్లాక ఆయన షాపు పైన ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. కిటికీ కింద వీధిలో ఇంకా ఆయన్నే తిడుతున్నారు. భార్యకి మనసు కష్టమనిపించి, కిటికీ మూయబోయింది.

“మూయకు,” అన్నాడాయన. “విననీ.”