నాలుగు తెల్ల రాళ్లు

ఆ బీచ్‌లో బండి పెట్టేటప్పుడు బోర్డు చదివేవాళ్లు తక్కువ, రాళ్లు చూసేవాళ్లు ఎక్కువ. తారు రోడ్డు చివర ఇనుప గేటు, గేటు దాటితే గులకరాళ్లు పరుచుకున్న ఖాళీ స్థలం, దాని అంచున సముద్రం. అక్కడ నేల మీద గీత గీస్తే తెల్లారేసరికి గాలి తుడిచేస్తుంది. అందుకని పార్కింగ్ చూసే మనిషి పెద్ద రాళ్లు ఏరి, సున్నం పూసి, మూలకొకటి చొప్పున పెట్టేవాడు. నాలుగు తెల్ల రాళ్లుంటే అది ఒక బండి చోటు. కొత్తవాళ్లకైనా వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్లో అందరూ ఆయన్ని రాళ్లాయన అనేవారు. సొంత పేరుతో పిలిస్తే ఆయనే వెంటనే పలికేవాడు కాదు.

అంతకుముందు బస్సు డిపోలో బస్సులు కడిగేవాడు. నడుం పట్టేశాక ఈ పనిలోకి వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరు డ్రైవర్లు కొట్టుకునేదాకా వచ్చినా మధ్యలో నిలబడి చేత్తో దారి చూపించేవాడు తప్ప గొంతు పెంచేవాడు కాదు.

ఆయన భార్య చాలా ఏళ్లు లాండ్రీలో ఆవిరి యంత్రాల దగ్గర పనిచేసింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం మీంచి వంటగదికి వెళ్లినా గోడ పట్టుకుని ఆగాల్సిందే. ఆదివారం మాత్రం ఆమె తమ్ముడు తన కూరగాయల వ్యాన్ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బీచ్‌కి తెచ్చేవాడు. చక్రాల కుర్చీ ఇసుకలో కూరుకుపోతుంది కాబట్టి వ్యాన్‌ను గులకరాళ్ల అంచుదాకా పోనిచ్చి అద్దం దించేవాడు. ఆమె అక్కడే కూర్చుని సముద్రం చూసేది.

"ఇంట్లో గాలి మీ ఒక్కరికే సరిపోతుందండీ. నా వాటా ఇక్కడ పీల్చుకుంటా" అనేది మొగుడితో.

ఆ గులకరాళ్లలోనే ఇసుక రంగు పిట్టలు గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, చిన్న గుంట, అంతే. గుడ్లు కూడా గులకరాళ్లలాగే ఉంటాయి. పిట్టలు ఏటా తగ్గిపోతున్నాయని, వాటి పిల్లలు ఎగిరేదాకా గేటు మూసేయాలని రిటైరైన సైన్సు టీచరు ఒకావిడ పట్టుబట్టింది. ఈత నేర్పే మాస్టారు మూయడానికి వీల్లేదన్నాడు. మున్సిపాలిటీ హాల్లో మీటింగు పెట్టారు.

"సముద్రం ఏమైనా ఈవిడగారి తాత తవ్వించాడా?" అన్నాడు మాస్టారు.

"మీ తాత కూడా తవ్వించలేదుగా నాయనా" అంది టీచరు. "మీకు పైన ఇంకో పార్కింగ్ ఉంది. ఆ పిట్టలకేముంది?"

"పై నుంచి నడిచి రావడానికి అందరికీ మీలాంటి కాళ్లుండొద్దూ?"

హాలంతా గొడవ. అప్పుడు వెనక వరసలోంచి రాళ్లాయన లేచాడు. పై నుంచి నడవలేని మనిషి ఆయన ఇంట్లోనే ఉంది మరి.

"సముద్రం వైపు సగం తెరిచి ఉంచండి. నేను చూసుకుంటా. ఒక్క గుడ్డు పగలనివ్వను" అన్నాడు.

ఆయన నోట మాట రావడమే వింత కాబట్టి అందరూ ఆగారు. టీచరు చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఒక్క గుడ్డు పగిలినా ఆ రోజే గేటు మూయాలని షరతు పెట్టింది. మాస్టారు సరేనన్నాడు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. పిట్టలు మూసిన సగంలోనే గుడ్లు పెట్టాయి. ఒక ఆదివారం పొద్దున మాత్రం సముద్రపు అంచున, తెరిచిన సగంలో, ఒక గుంటలో మూడు గుడ్లు కనిపించాయి. తాడూ కర్రలూ టీచరు ఇంట్లో ఉన్నాయి. ఫోన్ చేస్తే వస్తున్నానంది. ఈలోగా ఎవరూ తొక్కకుండా రాళ్లాయన చేతికి అలవాటైన పని చేశాడు. సున్నం రాళ్లు నాలుగు తెచ్చి గుడ్ల చుట్టూ బాగా ఎడంగా నాలుగు మూలలా పెట్టాడు. ఇంతలో గేటు దగ్గర రెండు కార్లు రాసుకున్నాయని కేకలు వినిపిస్తే అటు పరుగెత్తాడు.

ఆ గొడవ పక్కనుంచే బావమరిది వ్యాన్ లోపలికి వెళ్లింది. స్థలమంతా నిండిపోయింది. సముద్రానికి ఎదురుగా మాత్రం నాలుగు తెల్ల రాళ్లు, మధ్యలో ఖాళీ.

రాళ్లాయన తిరిగొచ్చేసరికి భార్య అద్దం దించుకుని నవ్వుతోంది.

"ఇన్నేళ్లకి నాకోసం మంచి చోటు పట్టి ఉంచారండీ! అదిగో, ఆ పిట్టను చూడండి. రెక్క ఈడ్చుకుంటూ వ్యాన్ చుట్టూ ఒకటే తిరుగుతోంది. నాకంటే అధ్వాన్నంగా ఉంది పాపం."

శత్రువును గుడ్ల నుంచి దూరంగా లాగడానికి ఆ పిట్ట అలా కుంటుతుందని ఆయనకి తెలుసు. వంగి చక్రం కింద చూశాడు. ఏమీ మిగల్లేదు.

బావమరిది దిగొచ్చి చూశాడు. మొహం పాలిపోయింది. "నువ్వు అక్క కోసమే పెట్టావనుకున్నా బావా" అన్నాడు గొంతు తగ్గించి. "కాస్త ఇసుక కప్పేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"అక్కకి చెప్పకు" అన్నాడు రాళ్లాయన. అంతే అన్నాడు.

ఆమెను తనివితీరా సముద్రం చూడనిచ్చాడు. వ్యాన్ వెళ్లాక, తాడూ కర్రలూ చంకన పెట్టుకుని వచ్చిన టీచరుకు ఆ చోటు చూపించాడు. రాళ్లు ఎవరు పెట్టారో, బండి ఎవరిదో దాచలేదు. ఆ సాయంత్రమే గేటు మూశారు. తాళంచెవి ఆయనకే ఇచ్చారు. మాస్టారు మనుషులు ఆయన మొహం మీదే అన్నారు, "పెద్ద మొనగాడిలా లేచి మాటిచ్చావుగా!"

ఇంట్లో భార్యకు పిట్టల కోసం గేటు మూశారని మాత్రమే తెలుసు. రెండు ఆదివారాలు ఊరుకుంది. మూడో ఆదివారం మంచం మీంచి అడిగింది.

"తాళంచెవి మీ జేబులోనే ఉందటగా. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఒక్కసారి తీయకూడదూ?"

"కుదరదే."

"ఆ పిట్టలకి నా మీద కక్ష ఏమిటండీ? నేనేం చేశానని?"

ఆయన గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు. చెబితే ఆమె ఆ ఆదివారం నవ్విన నవ్వు కూడా పోతుంది. చెప్పకపోతే తన మీద కోపం ఉంటుంది. కోపమే నయమనుకున్నాడు.

"పోనీలెండి. వాటికంటే కానిదాన్నయ్యాను" అని ఆమె గోడవైపు తిరిగింది. మళ్లీ సముద్రం మాట ఎత్తలేదు. ఊపిరి రోజురోజుకీ బరువైంది. గేటు ఇంకా మూసి ఉండగానే పోయింది.

పలకరించడానికి టీచరు వచ్చింది. ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుంది.

"ఆవిడ బీచ్‌కి రావాలనుకుంటోందని నాకు తెలియదండీ. ఒక్క మాట అడిగుంటే నేనే దగ్గరుండి ఒక పూట తీయించేదాన్ని."

"తీయించేవారని తెలుసు" అన్నాడు రాళ్లాయన. "అడగడానికి నాకే మొహం చెల్లలేదమ్మా."

లోపల్నుంచి బావమరిది గొంతు వినిపించింది.

"బావా, వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చావా?"

ఆయన నీళ్ల కోసం లేచాడు.