పెద్ద డాక్టరు గారి రిమార్కు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మనుషుల మీదే అనుమానం. ఏదైనా జరగరానిది జరిగితే ముందు ఎవరి చెయ్యి ఉందా అని వెతుకుతాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. గవర్నర్‌పేటలో కూర్చుని ఊళ్లో సగం ఆఫీసుల కంప్యూటర్లు, డేటాబేస్‌లు చూసిపెట్టేవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే పని సాగదు.

మైలవరంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్ నాకు పాత ఖాతా. దాన్ని పెట్టిన పెద్ద డాక్టరు గారు పోయిన ఏడాది కాలం చేశారు. రోగుల పేర్లు, నంబర్లు ఇంగ్లీషులో ఉన్నా, ఎవరికి ఏ మందు పడదో రిమార్కుల గడిలో ఆయన స్వయంగా తెలుగులో టైపు చేసేవారు. ఇప్పుడు ఆయన కూతురు, డాక్టరు సుధ గారు ఆస్పత్రి చూసుకుంటున్నారు. పాత కంప్యూటర్ మొరాయిస్తోందని ఆవిడ కొత్తది కొన్నారు.

దానికి ముహూర్తం పెట్టించారు. పదీ ఇరవై లోపు పని మొదలవ్వాలి. మానిటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరూ నా వెనకే నిలబడ్డారు. రికార్డులన్నీ దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు అది కంప్యూటర్‌లో ఏ ప్రాంతం, ఏ భాష పెట్టి ఉందో చూస్తుంది. దాన్నిబట్టి అక్షరాలు ఏ పద్ధతిలో దాచాలో తనే తేల్చుకుంటుంది. కంప్యూటర్ తప్పు చెప్పినా నమ్మేస్తుంది. ఆ సెట్టింగు సరిచూడకుండా నేనెప్పుడూ ముందుకు వెళ్లను. ఆ రోజు మాత్రం వెనకనుంచి "టైమ్ దాటిపోతోందండీ" అన్నారు. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేశాను.

కొత్త కంప్యూటర్‌లో ఉన్నది ఇంగ్లీషు సెట్టింగు. డేటాబేస్ తెలుగుకు చోటే లేని పద్ధతి ఎంచుకుంది. అలాంటిచోటికి తెలుగు వస్తే ఒక్కో అక్షరం పోయి దాని బదులు ప్రశ్నార్థకం పడుతుంది. వెనక దాక్కుని ఏమీ ఉండదు, తిరిగి తేవడానికి. నేను పాత రికార్డులన్నీ అందులోకి మార్చి, లెక్క సరిపోయిందని, పేర్లు బాగున్నాయని చూసి ఊరుకున్నాను. పాత కంప్యూటర్ స్కూలుకి ఇస్తామన్నారు. మాస్టారు ఆటో తెచ్చి వాకిట్లో నిలబడితే వేరే కాపీ కూడా ఉంచుకోకుండా డిస్కు పూర్తిగా తుడిచి ఇచ్చేశాను.

మూడో రోజు నర్సు నాగమణి గారు ఫోన్ చేశారు, రిమార్కుల నిండా ప్రశ్న గుర్తులే ఉన్నాయని. వెళ్లి ఒక్కొక్కటీ తెరిచి చూశాను, అన్నీ అంతే. వేల రికార్డులు. "ఫాంటు సమస్యండీ, రెండ్రోజుల్లో సర్దేస్తాను" అన్నాను. అబద్ధం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏదో చేస్తున్నట్టు నటిస్తూ అక్కడే కూర్చున్నాను. పగలు పదకొండు గంటలు. ధనలక్ష్మి అనే కూలి మనిషిని ఆటోలో తెచ్చారు. కాలికి గొడ్డలి దెబ్బ, చీము, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ మగతలో ఆమెకు మాట రావడం లేదు. ఇదివరకు వాళ్లమ్మ తీసుకొచ్చేదని, తనకేమీ తెలియదని భర్త చెప్పాడు. అతని దగ్గర ఈ ఆస్పత్రి పాత చీటీ మీద ఆమె నంబరు మాత్రం ఉంది. సుధ గారు పెన్సిలిన్ టెస్ట్ డోస్ వేయమన్నారు. నాగమణి గారు నా ముందున్న కంప్యూటర్‌లోనే ఆ నంబరు కొట్టారు.

రికార్డు తెరుచుకుంది. రిమార్కు తెలుగులో ఉంది.

"పెన్సిలిన్ టెస్ట్ డోస్‌కే ఆయాసం వచ్చింది. ఈమెకు మళ్లీ వేయొద్దు. చూసుకోండి."

పెద్ద డాక్టరు గారు ప్రతి రిమార్కునీ 'చూసుకోండి' అనే ముగించేవారట.

"బాగుచేసేశారన్నమాట" అంటూ నాగమణి గారు ఫోన్‌తో ఫొటో తీసుకుని లోపలికి పరిగెత్తారు. మందు మారింది. ధనలక్ష్మి వారంలో తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది.

నేనేమీ బాగుచేయలేదు. ఆ రికార్డుకి ముందుది తీశాను, తర్వాతది తీశాను. అన్నీ ప్రశ్నార్థకాలే.

నా అనుమానం మొదట నాగమణి గారి మీదికే పోయింది. గుర్తుండి తనే టైపు చేశారేమో. కానీ ఆవిడ చేరింది ఈ మధ్యనే. పైగా కొత్త కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసే ఏర్పాటే లేదు. ఆ రికార్డు చివరిసారి మార్చిన సమయం చూస్తే, పెద్ద డాక్టరు గారు బతికున్నప్పటిది. నా ఫోన్‌లోంచి రెండు తెలుగు ముక్కలు తెచ్చి వేరే రికార్డులో అతికించి చూశాను. సేవ్ కొట్టగానే ప్రశ్నార్థకాలయ్యాయి. అంటే ఆ డేటాబేస్‌లో తెలుగు ఉండనే ఉండదు. ఉండకూడదు కూడా.

సాయంత్రం సుధ గారికి నిజం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "ఇంకెవరికి ఏం పడదో ఎలా తెలుస్తుందండీ ఇప్పుడు?" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఈసారి సెట్టింగు సరిచేసి డేటాబేస్ మళ్లీ కట్టి, ఉన్నదంతా అందులోకి మార్చాను. ధనలక్ష్మి రికార్డు కూడా ప్రశ్నార్థకాలుగానే వచ్చింది. వెనక్కి వెళ్లి మొదటి దాంట్లో చూస్తే అక్కడా ప్రశ్నార్థకాలే. మిగిలింది నాగమణి గారి ఫోన్‌లో ఫొటో ఒక్కటే. ఈ పనిలోనే ఉన్న స్నేహితుడికి చూపిస్తే ఎడిట్ చేశావా అని నవ్వాడు. వాడి స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. ఆ ఒక్క రికార్డు ఆ రోజు ఎలా మిగిలిందో, మళ్లీ ఎందుకు పోయిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఫోన్ నంబర్లు మాత్రం అంకెలు కాబట్టి చెక్కుచెదరలేదు. వారానికి రెండు రోజులు మైలవరం వెళ్లి, నాగమణి గారితో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. మీకు ఏ మందు పడదండీ అని అడుగుతాను.

చాలామంది ఒకటే మాట చెబుతారు. "అది పెద్ద డాక్టరు గారు రాసి పెట్టారు గదండీ. అందులో చూసుకోండి."